వెనకదిక్కు ఖాళీ

ఇరవై రెండేండ్లసంది కల్వకుర్తిల కార్డులు కొడుతున్న.
పెండ్లివి, గృహప్రవేశాలవి, దశదినకర్మలవి,
వీటన్నిటి నడుమ అరచెయ్యంత కూడ లేని
విజిటింగు కార్డులు.

విజిటింగు కార్డు బతుకెంతో నాకెరికే.
ప్లాట్లమ్మే చెన్నకేశవులుకు బంగారు రేకు అద్ది ఇస్తే
తెల్లారి ఫంక్షనుహాలు ఊడ్చే చీపురు ముందట
తళతళ మెరుస్తున్నది.
వకీలు సాబు కార్డును నాలుగు మడతలు వెట్టి
చాయ్ హోటల్ల బల్లకాలు కింద దూర్చిండ్రెవరో.
బల్ల ఊగుతలేదు. వకీలుకు కేసులూ వస్తలేవు.
నేను మాత్రం వెయ్యికి ఇంత అని పైసలు లెక్కవెట్టుకున్న.
అచ్చువడ్డంక దాని తలరాత నాది కాదనుకున్న.

ఆ యేడు ఎండకాలం, మిట్టమధ్యాహ్నం,
చేతులకు వార్నిషు వాసనతోని వచ్చింది జమ్ములమ్మ.
గద్వాల దిక్కు పుట్టిన మనిషి.
మోటర్లకు తీగ చుడ్తది,
అచ్చంపేట రోడ్డు మీద రేకుల షెడ్డు.
"మూడు నూర్లు కొట్టన్నా, కార్డులు."

ఆల్బం తెరిచిన.
లక్ష్మీదేవిని పెట్టాల్నా, మోటరు బొమ్మ పెట్టాల్నా,
'మా ప్రత్యేకతలు' అని ఎర్రక్షరాలు వెయ్యాల్నా,
పైన అద్దంలెక్క ప్లాస్టిక్ పూత...
"వద్దు. నున్నగుంటె పెన్ను జారుతది."
కార్డు మీద పెన్నెందుకమ్మా?

నమూనా కార్డు తిప్పి
వెనకదిక్కు గోటితోని గీతలు గీసింది.
బోరు ఎన్ని ఫీట్లు.
పైపులు ఎన్ని దిగినయి.
మోటరు ఎన్ని హెచ్‌పీ.
తీగ ఎన్నడు చుట్టింది.
"ముందట నా నంబరు ఒక్కటి
చింతగింజలంత అంకెలేసి పెట్టు.
నడిరాత్రి మోటరు కాలితె
ముసలాయన అద్దాలు దేవులాడుకోవద్దు."

మరి పేరో?
"పేరుదేముంది, ఓ మూలకు వెయ్యి.
నా పేరు మరుస్తరన్నా.
వాళ్ళ బోరు లెక్క దాంట్ల ఉంటది గదా,
పారెయ్యరు."

నాకే చెప్పొచ్చిందా ఈమె, అనుకున్న మనసుల.
గీతలు మాత్రం సాఫుగ కొట్టిచ్చిన.

వానకాలం పోయింది. యాసంగి నాట్లప్పుడు
వంగూరు దిక్కు మా బావమరిది పొలం కాడ
మోటరు గుర్రుమని ఆగింది.
స్టార్టరు డబ్బ తెరిస్తె
బల్లి ఒకటి ఉరికింది.
ఫ్యూజు తీగ చుట్ట, అరిగిన టెస్టరు,
వాటెనక రబ్బరు బ్యాండుకు
నా కార్డు.
అంచులు నల్లగైనయి.
ఒక మూల ఎలుక కొరికింది, ఆమె పేరున్న మూలనే.
తిప్పితె బాల్‌పెన్ను రాత:
నాలుగు నూర్ల ఎనభై ఫీట్లు. ఇరవై రెండు పైపులు.
ఐదు హెచ్‌పీ.
కింద, గీత లేని చోట ఇరికిచ్చి,
'మూడో పైపు తుప్పు. నెమ్మదిగ లేపాలె.'

నేను కొట్టిన లక్షల కాయితాలల్ల
ఒకటి బతికి కనవడుడు అదే మొదలు.
టార్చి పట్టుకొని అట్లనే నిలవడ్డ.
"ఏం జూస్తున్నవ్ బావా, నంబరు జెప్పు"
అని బావమరిది కసిరిండు.
చదివిన, ఒక్కొక్క అంకె, అద్దాలు లేకుంటనే.

మొన్న మల్లొచ్చింది. ఈసారి వెయ్యి.
నేనే అడిగిన, పేరు జర పెద్దగ చేద్దామా?
తల అడ్డం ఊపింది.
"ఇంకింత చిన్నగ చెయ్యి.
ఇంకో గీతకు జాగ కావాలె."
ఏం రాస్తవు దాంట్ల?
"నీళ్ళు ఎన్నించులు పోస్తున్నయో.
రెండుండె అంటడొకడు, ఒకటిన్నరే అంటడొకడు.
ఎండినంక ఎవ్వలకు యాదికుంటలేదు."

'నీళ్ళు' అని కొట్టి
పక్కన చుక్కలు పెట్టుకుంట పోయిన,
కార్డు అంచు దాంక.